ముందు ఎక్కే నలుగురు

సర్వే మొదలుపెట్టే రోజు నా డైరీలో రాసుకున్న పనులు ఇవి.

మూడు వందల ఫారాలు జెరాక్సు తీయించాలి.
అట్ట, క్లిప్పు, రెండు నల్ల పెన్నులు కొనాలి.
బస్టాండు దగ్గర నూరు మందిని, తిరుచానూరులో నూరు మందిని, దారి పొడుగునా ఇళ్లలో, అంగళ్లలో నూరు మందిని అడగాలి.
ఆడవాళ్లు సగానికి తగ్గకూడదు.
ప్రతి ప్రశ్నకూ అవును, కాదు, ఈ రెండింటిలో ఒకదానికే టిక్కు పెట్టాలి. ఏదీ ఖాళీగా వదలకూడదు.
ఎవరితోనూ వాదించకూడదు.
ఏ రోజు ఫారాలు ఆ రోజే చక్రధర్ సారుకు అప్పజెప్పాలి.
సాయంత్రం పాకాల రైలు తప్పిపోకూడదు.

ఇవన్నీ చేశాను. ఒక్కటి కూడా విడిచిపెట్టలేదు. అందుకే ఈ కథ రాయవలసి వచ్చింది.

అది రెండు వేల రెండో సంవత్సరం, జూన్ నెల. నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ముగించి ఏడాది అయింది. మా ఇంట్లో కాలేజీ మొహం చూసినవాణ్ని నేనే మొదట. మా నాయన పాకాల పక్కన రెండెకరాల్లో శనక్కాయలు వేసేవాడు. యోగానంద అని నా పేరు పెట్టింది ఆయనే గాని, ఆ పేరు రాయడం ఆయనకు రాదు. నాకు తిరుపతిలో పని దొరికిందని, అదీ కాగితాల పని అని, వీధి వీధంతా చెప్పివచ్చాడు.

పని ఇచ్చింది చక్రధర్ సారు. రిటైరైన లెక్చరరు. ఎవరైనా అడిగితే సర్వేలు చేయించి నివేదికలు రాసి ఇచ్చేవారు. మద్రాసులోని ఒక ట్రస్టువాళ్లకు కొండ కింద ఊళ్లో డీజిలు పొగ తగ్గించాలని ఆలోచన వచ్చింది. తిరుపతి బస్టాండుకూ తిరుచానూరుకూ మధ్య షేరు ఆటోల మాదిరే పది మంది కూర్చునే బ్యాటరీ బండి తిప్పాలి. ముందు ఒక బండి పెట్టి చూసి, బాగా నడిస్తే మరో పన్నెండు తెస్తారు. అయితే జనం అందులో ఎక్కుతారా అన్నది ముందుగా తెలియాలి. అది కనుక్కునే పని సారుకు, సారు నుంచి నాకు వచ్చింది.

ఫారంలో అసలు ప్రశ్న ఒక్కటే. పొగా శబ్దమూ లేని బ్యాటరీ బండి, ఇప్పుడున్న చార్జీకే నడిస్తే, ఇతరులతో కలిసి మీరు అందులో ప్రయాణం చేస్తారా?

తిరుచానూరు గుడి ముందు నేను మొదట అడిగింది చంద్రకాంతమ్మను. అరవై దాటిన మనిషి. రోజూ పొద్దున తిరుపతి మార్కెట్లో పూలు గంపకెత్తుకొని ఆటోలో వచ్చి, అమ్మవారి గుడి వీధిలో మూరలు వేసి అమ్మేది.

"కరెంటు బండా? షాకు కొట్టదు గదా నాయనా?" అని అడిగింది.

"కొట్టదవ్వా."

"దోవలో కరెంటు పోతే?"

"రాత్రే నింపుకొని వస్తుందవ్వా. దోవలో కరెంటుతో పని లేదు."

"గంప పెట్టుకోనిస్తారా?"

"పెట్టుకోవచ్చు."

"మరింకేం. నలుగురు ఎక్కితే నేనూ ఎక్కతా. అమ్మవారి కాడికి పొయ్యే బండిని వద్దంటానా?"

నేను అవును అన్నచోట టిక్కు పెట్టాను.

ఆ తర్వాత లాడ్జి గుమాస్తా అదే మాట అన్నాడు. పసుపు కుంకుమ అంగడి ఆయన, పిల్లను చంకనేసుకున్న ఒక ఆమె, బస్టాండులో సంచుల మీద కూర్చున్న సత్యవేడు రైతులు, అందరూ కొంచెం అటూ ఇటూగా అదే అన్నారు. నలుగురు ఎక్కితే మాకేం. నలుగురితో పాటే మేమూ. ఫారంలో ఈ మాట రాయడానికి చోటు లేదు. మాటలు పోగొట్టడం ఇష్టం లేక నా సొంత నోటుబుక్కులో ఫారం నంబరు వేసి రాసుకునేవాణ్ని. రెండో రోజు సాయంత్రం సారును అడిగాను.

"నలుగురు ఎక్కితే ఎక్కుతామంటున్నారు సార్. దీన్ని ఎక్కడ పెట్టాలి?"

"ఎక్కుతామన్నారా, ఎక్కమన్నారా?"

"ఎక్కుతామనే అన్నారు."

"అయితే అవును. ఇందులో ఆలోచించేదేముంది?"

ఆలోచించలేదు. పది రోజులకు లెక్క తేలింది. మూడు వందల మందిలో రెండు వందల అరవై ఏడు మంది అవును. సారు నివేదిక రాసి తన సంతకం కింద నాతోనూ సంతకం పెట్టించారు. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. ఒక కాపీ ఇంటికి తీసుకుపోతే నాయన దాన్ని దేవుడి పటాల దగ్గర పెట్టాడు.

బండి నడపడానికి మనిషి కావలసి వచ్చాడు. ట్రస్టువాళ్ల షరతు ఏమిటంటే, ఆ దారి తెలిసినవాడై ఉండాలి, ట్రయలు జరిగే అరవై రోజులూ వేరే బండి ముట్టకూడదు. అడిగి వచ్చినవాడు మునస్వామి ఒక్కడే.

నలభై ఆరేళ్లుంటాయి. సత్యవేడు దగ్గర పల్లె నుంచి ఇరవై ఏళ్ల క్రితం వచ్చినవాడు. మాటలో కొంచెం అరవం కలిసేది. ఆయన తోలే డీజిలు ఆటో ఆయనది కాదు, బాడుగ బండి. ఆయనకంటూ ఉన్నది స్టాండులో నెంబరు. తిరుపతి బస్టాండు ఎదుట తిరుచానూరు ఆటోల స్టాండులో ఇరవై రెండు నెంబర్లు ఉండేవి. నెంబరు ఉన్నవాడే వరసలో బండి పెట్టాలి. లేనివాడు ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడో, ఊరికి పోయినప్పుడో వాళ్ల బదులు తోలాలి, దాన్ని యాక్టింగు అంటారు. మునస్వామి ఏడేళ్లు యాక్టింగు చేస్తే పద్నాలుగో నెంబరు వచ్చింది. నెల రోజులు వరసలో కనబడకపోతే నెంబరు వెనకవాడికి పోతుంది. స్టాండు పెద్ద దామోదరం పెట్టిన కట్టుబాటు అది, తన తమ్ముడి విషయంలో కూడా తప్పలేదని చెప్పుకునేవారు.

మునస్వామికి దగ్గు ఉండేది. మాట మధ్యలో మొహం పక్కకు తిప్పుకొని దగ్గి, మళ్లీ ఆపినచోటి నుంచే మాట్లాడేవాడు. డీజిలు సీటు దిగకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పాడట. తోలడం తప్ప వేరే పని రాదు. అందుకని బ్యాటరీ బండి మాట వినగానే వచ్చాడు. ఇంగ్లీషు నివేదిక చేతిలోకి తీసుకొని, తిరగేసి, నాకే ఇచ్చి చదవమన్నాడు. చదివి అర్థం చెప్పాను.

"సారూ, ఇది మీరే అడిగినారా, ఇంట్లో కూసోని రాసినారా?"

"నేనే అడిగానన్నా. పది రోజులు ఎండలో నిలబడి."

"మూడు నూర్లలో రెండు నూర్ల అరవై ఏడు."

"అవును."

"ఎండలో నిలబడి అడిగినోళ్లు అబద్ధం రాయరులే," అన్నాడు. మర్నాడే స్టాండులో చెప్పి, బ్యాటరీ బండి వచ్చే రోజుదాకా తన వరసలో తోలి, వచ్చేశాడు.

సెప్టెంబరులో బండి వచ్చింది. ఆకుపచ్చ రంగు, రెండు వైపులా ఎదురెదురు సీట్లు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి రోజు ట్రస్టువాళ్లూ సారూ పెద్దమనుషులూ ఎక్కి తిరుచానూరు పోయివచ్చారు. రోజుకు సగటున ఎనభై మంది ఎక్కితే పథకం నిలుస్తుందని, మునస్వామికి జీతంతో ఆ పని ఖాయమవుతుందని చెప్పి పోయారు. రోజూ ఎంతమంది ఎక్కారో లెక్క రాయడం నా పని.

ఆటోవాళ్లు మా బండిని స్టాండులోకి రానివ్వలేదు. రోడ్డుకు ఇవతల, చెరకురసం బండి పక్కన మాకు చోటు. రెండో రోజు పొద్దున నేను వచ్చేసరికి బండిలో అప్పుడే నలుగురు కూర్చొని ఉన్నారు. నాకు చాలా సంతోషమయింది. చూస్తుండగానే ఇంకో ఇద్దరు, ఆ వెనక ఒక సంసారం ఎక్కింది. చివరికి ఇద్దరు గుండ్లు కొట్టించుకున్న యాత్రికులు వచ్చారు. చోటు చాలకపోయేసరికి మొదట కూర్చున్న నలుగురూ ఒక్కొక్కరే దిగారు. ఒకడు టీ తాగి వస్తానన్నాడు. ఒకామె ఊరికే దిగిపోయింది. బండి నిండి కదిలిపోయింది. ఆ నలుగురూ మాత్రం చెరకురసం బండి నీడలో నిలబడ్డారు, అది తిరిగి రాగానే మళ్లీ ఎక్కి కూర్చున్నారు.

"వీళ్లెవరన్నా?" అని అడిగాను.

మునస్వామి నవ్వాడు. "ఇది నా భార్య వసంతమ్మ. మాపటేల లాడ్జీలో దుప్పట్లు ఉతకను పోతాది, పొద్దున ఖాళీనే. వీడు నా బామ్మర్ది చిన్నబ్బ. వాళ్లిద్దరూ బస్టాండులో మూటలు మోసేవాళ్లు."

"ఎందుకు ఎక్కిస్తున్నావు?"

"ముందు ఎవురో ఒగరు కూసోవల్ల గదా సారూ. ఆడ స్టాండులో సూడండి. ముందు బండిలో కూసోనుండేది ఎవురనుకున్నారు? యెనక బండ్ల డ్రైవర్లే. మనకు ఆ సాయం లేదు. అందుకని ఇంటోళ్లను పిలుసుకోనొచ్చినా."

రోడ్డు అవతలకు చూశాను. నిజమే. ముందు ఆటోలో కాకీ చొక్కా విప్పి చేతిమీద వేసుకొని ముగ్గురు డ్రైవర్లు ప్రయాణికుల్లా కూర్చొని ఉన్నారు. జూన్ నుంచీ ఆ ఆటోల్లో తిరుగుతున్నాను. ఒక్కనాడూ గమనించలేదు.

గమనించాక నాకు మనసు ఒప్పలేదు. నేను జనం ఇష్టాన్ని కొలిచే మనిషిని. దొంగ ప్రయాణికులను కూర్చోబెట్టి జనాన్ని రప్పిస్తే అది ఇష్టం ఎలా అవుతుంది? ఆ సాయంత్రమే సారుకు చెప్పాను. నన్నెవరూ అడగలేదు, నేనే చెప్పాను. ఆయన కళ్లజోడు తీశారు.

"ట్రస్టువాళ్లు వచ్చి చూస్తే మన పరువేం కావాలి? వెంటనే ఆపించు."

మర్నాడు పొద్దున ఆ మాట మునస్వామికి చెప్పాను.

"వాళ్లను మీరు లెక్కలో రాయద్దండి సారూ. టికెట్టు తీసుకున్నోళ్లనే రాయండి. వీళ్లు ఊరికే కూసుంటారు. ఖాళీ బండి ఎవురెక్కతారు?"

"మూడు వందల్లో రెండు వందల అరవై ఏడు మంది ఎక్కుతామన్నారు కదన్నా. ఇంక వీళ్లతో ఏం పని?"

ఆయన ఆ కాగితాన్ని నమ్మే కదా వచ్చింది. భార్య వైపు తిరిగి, "దిగు వసంతా," అన్నాడు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకొని దిగింది. "సదువుకున్నోళ్లు సెప్పినాక ఇంగేముంది. పోదాం రారా," అని తమ్ముణ్ని పిలుచుకొని వెళ్లిపోయింది.

ఆ రోజు పదకొండు మంది ఎక్కారు. తర్వాతి రోజు తొమ్మిది.

ఒక మనిషి వచ్చేవాడు, బండిలోకి తొంగి చూసేవాడు, లోపల ఎవరూ లేకపోతే రోడ్డు దాటి డీజిలు ఆటోలో కూర్చునేవాడు. అక్కడ ఇంజను ఆడుతూ ఉండేది, ఇదిగో ఇప్పుడే కదులుతుందన్నట్టు బండి వణుకుతుండేది. మా బండికి శబ్దమే లేదు. "ఇది నడిసేదేనా, నిలబెట్టిండేదా?" అని అడిగేవాళ్లు. "నడుస్తుంది, ఎక్కండి," అంటే, "ఎవురూ లేరే," అని పోయేవాళ్లు. చెరకురసం అతను దాన్ని ఐసుబండి అనేవాడు. అవతల నుంచి డ్రైవర్లు కేకలేసేవాళ్లు.

"మునస్వామన్నా, నీ బొమ్మలకొలువుకు పేరంటాళ్లు రాలేదా ఇంకా?"

"వస్తారు లేరా. మీ పొగకు కండ్లు కనపడక ఆగిపొయ్యుండారు," అనేవాడు మునస్వామి. మొదటి రెండు వారాలు అలా మాటకు మాట అన్నాడు. తర్వాత మానేశాడు. ఒక్క సంగతి మాత్రం నిజం. ఆయన దగ్గు తగ్గింది. ఇరవయ్యో రోజున నాతో పావుగంట మాట్లాడి ఒక్కసారి కూడా మొహం తిప్పుకోలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున చంద్రకాంతమ్మ గంపతో మా బండి పక్కనుంచే పోతుంటే ఆపాను.

"అవ్వా, ఎక్కుతానన్నావు కదా. రోజూ అవతల బండికే పోతున్నావే?"

"అన్నాను నాయనా, కాదన్లేదు. నలుగురు ఎక్కితే అన్నాను. నీ బండిలో ఎవురుండారు చెప్పు. పది మంది వచ్చిందాకా నేనొక్కదాన్నే కూసుంటే నా పూలు ఏం కావల్ల? ముందు ఎక్కినోడిదే గదా కష్టమంతా. ఆడయితే ముగ్గురో నలుగురో ఉంటారు, బండి బిన్నా నిండి కదుల్తాది."

"మరి ఆ రోజు ఆ మాట చెప్పవలసింది కదా."

"ఏం చెప్పల్ల? చెప్పింది అదే గదబ్బా. నువ్వు రాసుకుంటివి గూడా."

రాసుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో పెట్టె తెరిచి నోటుబుక్కు తీశాను. ఫారం నంబరు ప్రకారం ఒక్కొక్కటే చూశాను. రెండు వందల అరవై ఏడు అవునుల్లో నూట తొంభై నాలుగు మంది నలుగురు ఎక్కితే అన్నవాళ్లు. ఊరంతా అయిదో మనిషే. ముందు నలుగురు ఎవరన్నది నేను అడగలేదు. ఆ నలుగురిని మునస్వామి ఇంటి నుంచి తెచ్చుకుంటే నేనే దింపించాను.

మర్నాడు నోటుబుక్కు తీసుకుపోయి సారు ముందు పెట్టాను. ఆయన చెడ్డమనిషి కాదు. పేజీలన్నీ చూశారు. చూసి మూసేశారు.

"నివేదిక వెళ్లిపోయిందయ్యా. ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. తప్పు లెక్క ఇచ్చామని ఇప్పుడు రాస్తే నాకు ఈ ఊళ్లో ఇంకెవరు పని ఇస్తారు? నీకెవరిస్తారు? ఇంకా నెల పైన ఉంది. జనం మెల్లగా అలవాటు పడతారు, చూద్దాం."

"ఆ నలుగురిని మళ్లీ కూర్చోబెట్టమందామా సార్?"

"వద్దని చెప్పింది మనమే. ఏ మొహం పెట్టుకొని చెబుతావు?"

నేను నోటుబుక్కు సంచిలో పెట్టుకొని వచ్చాను. మునస్వామికి చెప్పలేదు. చెప్పాలని రోజూ అనుకునేవాణ్ని. పొద్దున రైలు దిగి నడుస్తూ మాటలు కూర్చుకునేవాణ్ని. బండి దగ్గరికి పోగానే ఆయన తుడిచిన సీట్లనే మళ్లీ తుడుస్తూ కనబడేవాడు. నేను లెక్క రాసే కాగితం తీసేవాణ్ని.

ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం దామోదరం రోడ్డు దాటి వచ్చాడు. భారీ మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు.

"మునీ, రేపటికి నెల. పొద్దునే వచ్చి కాకీ సొక్కా తగిలించుకోని నీ నెంబర్లో నిలబడు. రాకపోతే నేనేం చేసేది? యెనక పదకొండు మంది కాసుకోనుండారు. నా చేతిలో ఏం లేదు."

నా వైపు చూసి, "ఏమప్పా సర్వే అప్పా, నువ్వన్నా చెప్పు," అని వెళ్లిపోయాడు.

మునస్వామి బండి దిగి నా పక్కన నిలబడ్డాడు.

"సారూ. ఒగ మాట నిజం చెప్పండి. ఇంగ ముప్పై దినాలుండాయి. జనం ఎక్కతారా? మీ పేపరు సరైందేనా?"

ఆ ఒక్క నిమిషం నాకు ఈనాటికీ గుర్తుంది. సరైంది కాదన్నా, నీ నెంబరుకు నువ్వు పో అని చెబితే సరిపోయేది. ఆరు మాటలు. ఆ మాట చెబితే పేపరు అబద్ధమని స్టాండుకు తెలుస్తుంది, స్టాండు నుంచి ఊరికి, ఊరి నుంచి ట్రస్టుకు. దేవుడి పటాల దగ్గర కాపీ పెట్టుకున్న మా నాయన కళ్లముందు కదిలాడు. ఆ వారమే సారు నాకు అనుభవం సర్టిఫికెట్టు రాసిస్తానన్నారు. అలవాటు పడతారేమో అని నాకు నేను చెప్పుకున్నాను.

"సరైందేనన్నా," అన్నాను.

"అట్లయితే సరే," అన్నాడు. మర్నాడు వరసలోకి పోలేదు. సాయంత్రానికి పద్నాలుగో నెంబరు ఇంకొకరి పేరు మీదికి మారింది.

నలభయ్యో రోజుదాకా ఓర్చుకున్నాను. అప్పటికి సగటు పదిహేడు మంది. నలభై ఒకటో రోజు పొద్దున మునస్వామి సీటెత్తి బ్యాటరీల్లో నీళ్లు పోస్తున్నాడు. పక్కన నిలబడి అంతా చెప్పాను. నోటుబుక్కు తెరిచి చూపించాను. చదవలేకపోయినా ఆ పేజీలను చూశాడు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇరవై రెండో రోజన్నా."

"నేను మిమ్మల్ని అడిగింది ఇరవై తొమ్మిదో దినం."

"అవును."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. బ్యాటరీ మూతలు ఒకటొకటిగా బిగించాడు. సీటు దించాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"సరే. ఎక్కి కూసోండి," అన్నాడు.

"ఎక్కడికి?"

"యాడికీ లేదు. ముందు మీరు కూసోండి. ఇంగ ముగ్గురిని నేను పిలుసుకోనొస్తా."

కూర్చున్నాను. వసంతమ్మ వచ్చి ఎదుటి సీటులో రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. చిన్నబ్బ, ఒక మూటలాయన ఎక్కారు. పావుగంటలో బండి నిండింది. గంప ఎత్తుకొని చంద్రకాంతమ్మ వచ్చి, లోపలికి తొంగి చూసి, "అదీ, ఇప్పుడు బాగుండాది," అని ఎక్కింది. ఎక్కి నా పక్కన కూర్చుంది, ఇంతకాలం ఏమైందని ఎవరినీ అడగలేదు.

ఆ ఇరవై రోజులూ అలాగే జరిగింది. సగటున తొంభై మంది ఎక్కారు. చప్పుడు లేకుండా పోతుంటే బాగుందని, పిల్లలకు వాంతులు కావడం లేదని జనమే చెప్పారు. చివరి నాలుగు రోజులు మేము కూర్చోవలసిన అవసరం కూడా పడలేదు. కానీ ట్రస్టు లెక్క అరవై రోజులకు. మొత్తం మీద సగటు నలభై ఒకటి తేలింది. ఎందుకలా అయిందో నేను రెండు పేజీలు రాసి సారుకు ఇచ్చాను. ఆయన వాటిని నివేదికలోంచి తీసేశారు. అవి తీసేసిన నివేదిక మీద కూడా నేను సంతకం పెట్టాను. ప్రజల్లో తగిన సుముఖత లేదు అని దాని చివరి వాక్యం.

నవంబరులో లారీ వచ్చి బండిని ఎక్కించుకుపోయింది. కొద్ది రోజులకు అమ్మవారి పంచమీ తీర్థం ఉత్సవం. తిరుచానూరు దారిలో డీజిలు ఆటోలకు మనుషులు వేలాడుతూ పోయారు.

నేను దామోదరం దగ్గరికి పోయాను. తప్పు నాదని, మునస్వామి నెంబరు మునస్వామికి ఇవ్వమని అడిగాను. ఆయన టీ చెప్పి నన్ను కూర్చోబెట్టాడు.

"అది ఇప్పుడు ఇంగొకరిది అప్పా. వాడూ తొమ్మిదేండ్లు యాక్టింగు చేసినోడే. అదో, ఆ మూడో బండి కాడ ఉండాడు సూడు. పోయి నువ్వే చెప్పు, నెంబరు విడువు అని. నీ పేపర్లో ఉండాది గదా అందరి ఇష్టం."

ఆ మనిషి బండి అద్దానికి పూలదండ కడుతున్నాడు. పక్కన ఆయన కూతురు కాబోలు, యూనిఫారంలో నిలబడి ఉంది. నేను పోలేదు. టీ తాగి వచ్చేశాను.

మునస్వామి మళ్లీ యాక్టింగులో చేరాడు, నలభై ఆరేళ్ల వయసులో, వరసలో అందరికన్నా చివర. ఎవరూ తోలని పాత బండ్లు, వెనక నుంచి పొగ లోపలికే కొట్టేవి, ఆయనకు ఇచ్చేవాళ్లు. దగ్గు నెల తిరక్కుండానే వచ్చేసింది. ఒకసారి నన్ను చూసి బండి ఆపాడు. "రండి సారూ, నలుగురుండారు," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. మామూలుగానే పిలిచాడు. ఎక్కాను. దారంతా ఆయన వెనక సీట్లో కూర్చొని ఆ దగ్గు విన్నాను.

మరుసటి ఏడాది నాకు ప్రభుత్వంలో గణాంకాల ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఆ సర్వే గురించే అడిగారు. బాగా చెప్పానన్నారు. చిత్తూరులో చేరాను. నాయన చాలా సంతోషించాడు, ఆ సంతోషంలో ఆయనకు అసలు సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఆయనా లేడు.

రెండు వేల అయిదు చివర తిరుచానూరు పోయినప్పుడు చంద్రకాంతమ్మ దగ్గర పూలు కొన్నాను. మూర వేస్తూ చెప్పింది, మునస్వామి పోయి మూడు నెలలయిందని. చివరిదాకా తోలుతూనే ఉన్నాడట. తిరుపతి నుంచి ఆటో నిండా జనాన్ని తెచ్చి గుడి దగ్గర దించి, సీటు మీదనే ఒరిగిపోయాడట. వసంతమ్మ సత్యవేడు వైపు తన అక్క దగ్గరికి వెళ్లిపోయిందని, ఏ ఊరో తెలియదని చెప్పింది.

ఆఫీసులో నా దగ్గర ఆ చివరి నివేదిక ఇప్పటికీ ఉంది. నలభై నాలుగు పేజీలు. చక్రధర్ సారు పేరు ఉంది, నా పేరు ఉంది, ట్రస్టు సభ్యుల పేర్లు పదీ ఉన్నాయి, కొబ్బరికాయ కొట్టిన పెద్దమనిషి ఫొటో ఉంది. సిబ్బంది వివరాల్లో, డ్రైవరు, ఒకరు, అని ఉంది. పేరు వేయాలని ఎవరికీ తోచలేదు. అచ్చుకు ముందు ఆ పేజీ సరిచూసింది నేనే, నాకూ తోచలేదు.

ఆయన పేరు మునస్వామి. చదువుకున్నవాడు ఎండలో నిలబడి రాసింది నిజమే అయి ఉంటుందని నమ్మాడు. ఇది చదివినవాళ్లు ఎవరైనా సరే, దయచేసి ఆ పేరు గుర్తుపెట్టుకోండి.